ఇంటి కాటా, డాక్టరుగారి కాటా

పోయినవారం మన బస్సమ్మని డాక్టరుగారి కాటా మీద నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఆవిడ ఇంకా అక్కడే ఉంది. వారం నుంచి ఎదురుచూస్తున్న మీకంటే ఆవిడకే దిగాలని ఆత్రంగా ఉంటుంది కనుక ముందు ఆ పని చూద్దాం.

ఇవాళే కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు. బస్సమ్మ బడి బస్సు నడుపుతుంది. ఆ పేరు పెట్టింది బస్సెక్కే పిల్లలు. అసలు పేరు జీతమిచ్చేవాళ్ళకి తప్ప ఎవరికీ గుర్తు లేదు. ఆరు నెలల క్రితం బడివాళ్ళు డ్రైవర్లందర్నీ డాక్టరు దగ్గరికి పంపినప్పుడు ఈవిడ రక్తంలో చక్కెర ఎక్కువుంది, బీపీ ఎక్కువుంది, నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. వీటన్నిటికీ కలిపి డాక్టరు ఒకే మాట చెప్పాడు. పది కిలోలు తగ్గి రండి, అప్పుడే బస్సు నడపడానికి పనికొస్తారని సంతకం పెడతాను, ఆరు నెలలు గడువిస్తున్నాను అని. బస్సమ్మ తీపి మానేసింది, వేపుళ్ళు మానేసింది, తెల్లారకముందే లేచి బడి మైదానం చుట్టూ నడిచింది. ప్రతి వారం ఇంట్లో కాటా ఎక్కింది. పది కిలోలూ తగ్గావని ఇంటి కాటా చెప్పింది. ఇవాళ గడువు తీరి వస్తే, అరకిలో కూడా తగ్గలేదని డాక్టరుగారి కాటా చెబుతోంది. అక్కడే ఆపాం.

"మీ కాటా పాడైంది డాక్టరుగారూ," అంది బస్సమ్మ, దిగకుండానే.

డాక్టరు కుర్రవాడు. ఎవరైనా గట్టిగా మాట్లాడితే కళ్ళజోడు తీసి తుడుచుకుంటాడు. ఇప్పుడూ అదే పని చేశాడు. "మొన్ననే కొన్నానమ్మా. కొత్తది."

"కొత్తవే మొరాయిస్తాయి. ఆ మాట మా ఆయన్నడగండి. ఉండండి, పిలుస్తాను. వచ్చి చూస్తే తేలిపోతుంది."

ఆయనంటే బజారంతా కాటాల మేస్త్రి అని పిలిచే మనిషి. కూరల బండి దగ్గర్నుంచి నగల దుకాణం దాకా ఎక్కడ తూకం తేడా వచ్చినా కబురు ఆయనకే వెళుతుంది. ముల్లు కాస్త మావైపు జరిపి పెట్టవయ్యా అని ఏ వర్తకుడైనా బతిమాలితే, జవాబు చెప్పకుండా సంచి సర్దుకుని లేచి వచ్చేస్తాడు. పెళ్ళైన కొత్తలో బస్సమ్మకి ఆయన మీద మనసు నిలిచింది అది చూసే. మనిషి మాత్రం చీపురుపుల్ల. దూరం నుంచి చూస్తే చొక్కా ఒక్కటే నడిచొస్తోందనిపిస్తుంది. మావాడి ఒంట్లో రోగం రావాలన్నా చోటు లేదని అత్తగారు వచ్చినవాళ్ళందరికీ గొప్పగా చెప్పుకుంటుంది. అలా చెప్పేటప్పుడు ఆవిడ చూపు కోడలి నడుం మీదికి వెళ్ళి వస్తుంది. ఇన్నేళ్ళుగా బస్సమ్మ ఆ చూపుని చూసీ చూడనట్టు వదిలేస్తూనే ఉంది.

ఫోన్ చేసింది. "ఇక్కడ డాక్టరుగారి కాటా తప్పు చూపిస్తోంది. మీ తూకం రాళ్ళు తీసుకుని ఒకసారి వస్తారా?"

అవతల కాసేపు చప్పుడు లేదు. "ఎంత చూపిస్తోంది?" అన్నాడు.

చెప్పింది.

"వస్తున్నా," అన్నాడు.

ఆయన వచ్చేలోపు బస్సమ్మ డాక్టరుకి కాటాల గురించి చిన్న పాఠమే చెప్పింది. మొగుడి విద్య సగం పెళ్ళానికీ అంటుతుంది కదా. తేమకి ముల్లు ఎలా బిగుసుకుంటుందో, ఎగుడుదిగుడు నేల మీద పెడితే ఎంత తేడా వస్తుందో వివరించింది. డాక్టరు బుద్ధిగా విన్నాడు. ఆ డాక్టరు మంచివాడే. మంచివాడి చేతిలో తన బస్సు తాళాలు ఇరుక్కుపోవడమే ఆవిడ బాధ. చెడ్డవాడైతే నాలుగు తిట్టి అయినా వచ్చేది.

మెట్ల మీద సంచి చప్పుడు వినిపించింది. డాక్టరు గది మందుల దుకాణం పైన ఉంది. మెట్లు నిటారుగా ఉంటాయి. మేస్త్రి మధ్యలో ఒకసారి సంచి దించాడు, ఇంకాస్త ఎక్కి మళ్ళీ దించాడు. ఆ సంచిలో ఉన్నవి ముద్ర వేసిన ఇనప రాళ్ళు. వాటిని మోసుకుని ఎవరెక్కినా ఆగాల్సిందే అనుకుంది బస్సమ్మ. లోపలికి వచ్చేసరికి ఆయన ముఖం చెమటతో తడిసిపోయింది. ఎవరి వంకా చూడకుండా నేల మీద కూర్చుని కాటా ముందుకు లాక్కున్నాడు.

ముందు ఒక రాయి పెట్టాడు. ముల్లు సరిగ్గా ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. రెండోది పెట్టాడు. అలాగే ఆగింది. మూడూ, నాలుగూ పెట్టాడు. కాటాని అటు తిప్పి, ఇటు తిప్పి, కిటికీ దగ్గర నేల మీదికి జరిపి మళ్ళీ పెట్టాడు. ముల్లు వెంట్రుకవాసి తేడా చూపించలేదు.

"బరువు పెరిగితే తేడా వస్తుందేమో చూడండి," అంది బస్సమ్మ. "మొన్న బియ్యం కొట్టులో అలాగే వచ్చిందన్నారుగా."

ఆయన ఉన్న రాళ్ళన్నీ పెట్టాడు. ముల్లు నిజమే చెప్పింది.

"మేస్త్రిగారూ," అన్నాడు డాక్టరు. "ఈ విషయంలో మీ మాటే నా మాట. కాటాది తప్పని మీరంటే, మీ ఇంటి లెక్కే వేసుకుని ఇప్పుడే సంతకం పెట్టేస్తాను."

కాటా అడుగున చిన్న మర ఉంటుంది, తిప్పితే ముల్లు జరుగుతుంది. మేస్త్రి చేతిలో దాన్ని తిప్పే పనిముట్టు ఉంది. డాక్టరు తూకం గురించి ఏమీ తెలియని మనిషి. బస్సమ్మకి ఆ క్షణంలో ఈ లెక్కలేమీ తోచలేదు. మొగుడు తలెత్తి, తప్పే సార్ అని ఎప్పుడంటాడా అని ధీమాగా నిలబడి ఉంది. ఆయన తలెత్తలేదు. పనిముట్టు సంచిలో పడేశాడు.

"ఈ కాటా సరిగ్గానే ఉంది డాక్టరుగారూ. తప్పు మా ఇంట్లోదానిది. అది దానంతటది పాడవలేదు. నేనే తిప్పాను."

బస్సమ్మకి ముందు చెవులు వేడెక్కాయి. చెప్పులేసుకుని, సంచీ కూడా తీసుకోకుండా బయటికి నడిచింది.

మెట్ల మలుపులో చిన్న చప్టా ఉంది. బస్సమ్మ అక్కడ గోడకి ఆనుకుని నిలబడింది. ఇంకా కిందికి వెళితే వీధిలో నలుగురూ చూస్తారు. కాసేపటికి మేస్త్రి వచ్చి రెండు మెట్ల పైన ఆగాడు. దగ్గరికి రావాలంటే భయం, పైకి వెళ్ళిపోవాలంటే మనసొప్పదు.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది, వెనక్కి తిరక్కుండా.

"రెండో నెల నుంచి."

"వారం వారం తిప్పారా?"

"అన్ని వారాలూ కాదు. నువ్వు కాటా దిగి మాట్లాడకుండా వంటింట్లోకి వెళ్ళిపోయిన వారాలు మాత్రమే."

అది విని బస్సమ్మకి ఒళ్ళు మండింది. "మిగతా డ్రైవర్లకి పాఠాలు చెప్పానండీ నేను. మనసు పెడితే తగ్గకుండా ఎక్కడికి పోతుంది అని. అద్దంలో చూసుకుని నవ్వుకున్నాను. అత్తయ్యకి కూడా చెప్పాను, తెలుసా మీకు? ఆవిడ ఎగాదిగా చూసి, ఏమో మరి నాకు కనిపించట్లేదు అంది. అసూయ అనుకున్నాను. ముసలావిడ ఒక్కతే నిజం చెప్పింది ఈ ఇంట్లో."

మేస్త్రి చొక్కా అంచుతో మెడ తుడుచుకున్నాడు.

"ఒక్క మాట అడుగుతాను. దాచకుండా చెప్పండి. నేనిలా ఉండడం మీకు నామోషీగా ఉందా?"

"ఏం మాటలవి," అన్నాడాయన. ఆ రెండు మెట్లూ దిగి వచ్చి పక్కన నిలబడ్డాడు. "ఇంతకుముందు రెండుసార్లు మొదలుపెట్టావు. రెండుసార్లూ ముల్లు కదల్లేదని మానేశావు. మానేసిన నెలలోనే చక్కెర పెరిగింది, కళ్ళు తిరిగాయి. ఈసారీ మానేస్తే బస్సు పోతుంది. సెలవుల్లో నిన్ను చూడట్లేదా నేను? బస్సు తియ్యాల్సిన వేళకి లేచి తల దువ్వుకుని కూర్చుంటావు. ఎక్కడికీ వెళ్ళేది లేదని గుర్తొచ్చాక మళ్ళీ పడుకుంటావు. ఏడాదంతా నువ్వట్లా ఉంటే నేను చూడలేను."

తను సెలవుల్లో అలా చేస్తుందని బస్సమ్మకే తెలియదు.

"పైగా నేను కళ్ళతో చూస్తున్నాగా," అన్నాడు మేస్త్రి. "అంతకుముందు మూడు దిళ్ళు పెట్టుకుంటే గాని నిద్రపట్టేది కాదు నీకు. ఇప్పుడు ఒక్కటి చాలు. బట్టలారేయడానికి డాబా ఎక్కితే కాసేపు పిట్టగోడ మీద కూలబడేదానివి, ఇప్పుడు ఏదో పాడుకుంటూ దిగుతున్నావు. పాడుతున్నావని నీకు తెలుసో లేదో. నువ్వు బాగుపడుతున్నావు. ముల్లు ఒక్కటే ఒప్పుకోవట్లేదు."

"ఇదంతా నాకు చెప్పొచ్చుగా. ముల్లు తిప్పడమెందుకు?"

"చెప్పాను. ఒకసారి కాదు. నా మీద ముద్దుతో అంటున్నారులే అన్నావు. నా మాట పక్కనపెట్టి ముల్లు మాట నమ్మావు. ఇంకేం చెయ్యను, నాకు వచ్చిన విద్య అదే."

బస్సమ్మకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చి ముక్కులో ఇరుక్కున్నాయి. ఈ మనిషి ఒక్క అబద్ధం కోసం ఎన్ని రాత్రులు మథనపడి ఉంటాడో ఆవిడకి తెలుసు. బజారులో ఎవరడిగినా చెయ్యని పని ఇంట్లో, తన కోసం చేశాడు. మళ్ళీ ఇందాక, ఆ అబద్ధాన్ని ఇంకొక్క మర తిప్పి నిలబెట్టుకోగలిగీ, తన బస్సు పోతుందని తెలిసీ నిజం చెప్పేశాడు. కోపం తెచ్చుకోవాలో దండం పెట్టాలో తేలలేదు. కొంగుతో ఆయన నుదుటి మీద చెమట తుడిచింది.

"ఇది మిమ్మల్ని క్షమించినట్టు కాదు," అంది. "చెమట కళ్ళల్లోకి కారుతోందని తుడిచాను."

"అలాగే," అన్నాడాయన.

అప్పుడే డాక్టరు గుమ్మంలోకి వచ్చాడు. ఇన్నాళ్ళ రక్తపరీక్షల ఫలితాలన్నీ చేతిలో ఉన్నాయి. "లోపలికి రమ్మనాలో, నేనే రావాలో తెలియక ఇవి చూస్తూ కూర్చున్నాను," అన్నాడు. "అమ్మా, మీ చక్కెర దారిలోకి వచ్చింది. బీపీ ఇంత మామూలుగా ఉండడం నేను చూడటం ఇదే మొదటిసారి. పది కిలోలు తగ్గితే ఇవి బాగుపడతాయని చెప్పాను. ఆ పది కిలోలూ అక్కడే ఉన్నాయి, ఇవి మాత్రం బాగుపడ్డాయి."

"అంటే బరువు తగ్గక్కర్లేదా?" అంది బస్సమ్మ. ఆ ప్రశ్న చెంపదెబ్బలా వినిపించాలనుకుంది గాని, ఆశగానే వినిపించింది.

డాక్టరు కళ్ళజోడు తీశాడు. "అక్కర్లేదని అందరికీ చెప్పలేను. కొంతమందికి తగ్గి తీరాలి. మీకైనా కాస్త తగ్గితే మోకాళ్ళు సుఖపడతాయి. కానీ మీరు నడిచారు, తిండి మార్చుకున్నారు, నిద్రపోయారు. మేలు జరగాల్సింది వాటి వల్ల జరిగింది. కాటా ఒక్కటే చూసి మనిషి ఆరోగ్యం చెప్పాలనుకోవడం నా తొందరపాటు. చిక్కేమిటంటే, పది కిలోలు తగ్గితేనే సంతకమని బడివాళ్ళతో అన్నది నేనే. ఇప్పుడు ఆ మాట మార్చాలంటే గట్టి కారణం చూపించాలి. మీరు రేపు రండి, ఆలోచిద్దాం."

"సెలవులైపోయి రేపే బడి తెరుస్తున్నారు డాక్టరుగారూ. బస్సు ఇంకొకరి చేతికిస్తారు. ఇచ్చాక మళ్ళీ అడిగితే ఎవరు వెనక్కిస్తారు? పిల్లలు రోడ్డు మీదికొచ్చి నా కోసమే చూస్తారు." ఇంత దీనంగా తను మాట్లాడగలదని ఆవిడకి అప్పుడే తెలిసింది.

డాక్టరు కాగితాలు చంకలో పెట్టుకున్నాడు. "సరే. ఈ మెట్లు మూడో అంతస్తు మీద డాబా దాకా వెళతాయి. ఆగకుండా ఎక్కి, ఆగకుండా దిగి రండి. వచ్చాక గుండె ఎలా కొట్టుకుంటోందో చూస్తాను. ఆరు నెలల కిందట నా గది దాకా రావడానికే మీరు రెండుసార్లు కూర్చున్నారు."

బస్సమ్మ చీర కుచ్చిళ్ళు పైకి దోపింది.

"పద, నేనూ వస్తా," అన్నాడు మేస్త్రి.

"పరీక్ష నాకు, మీకు కాదు."

"నిన్నొక్కదాన్నే పంపలేను. ఇందాకటి నుంచి నువ్వు నా వంక చూడట్లేదు. పైన డాబా మీదైనా చూస్తావేమో."

ఇద్దరూ ఎక్కడం మొదలుపెట్టారు. మొదట బస్సమ్మ బింకంగా ఎక్కింది. తర్వాత ఆ సంగతే మర్చిపోయింది. కాళ్ళు వాటంతటవే లేస్తున్నాయి. ఊపిరి బరువెక్కింది గాని ఎక్కడా అడ్డుపడట్లేదు. ఎక్కుతూ ఎక్కుతూ మొగుణ్ణి సాధించసాగింది. ఇంటికెళ్ళగానే ఆ కాటా సరిచెయ్యాలని, అత్తయ్యకి సంగతి చెప్పడం తనవల్ల కాదని, ఆయనే చెప్పాలని. వెనకనుంచి మొదట్లో ఊ అన్న మాట వినిపించింది. డాబా తలుపు దాకా వచ్చి, "వింటున్నారా?" అని తిరిగింది. వెనక ఎవరూ లేరు.

ఒక అంతస్తు కింద మేస్త్రి మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఒక చెయ్యి ఊచ మీద ఉంది. రెండో చేత్తో ఎడమ భుజం రుద్దుకుంటున్నాడు.

"నువ్వు పద," అన్నాడు. "కాస్త ఆగి వస్తా. పరీక్ష పాడవుతుంది, ఆగకు."

బస్సమ్మ ఒక్క పరుగున దిగింది. అలిగి కూర్చున్నాడేమో అన్న అనుమానం ఆ ముఖం దగ్గరగా చూడగానే పోయింది. పెదవులు బూడిదరంగులో ఉన్నాయి. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. "డాక్టరుగారూ," అని ఆవిడ పిలిచిన పిలుపుకి మందుల దుకాణంలో వాళ్ళు కూడా బయటికొచ్చారు.

డాక్టరు మెట్ల మీదే మోకాళ్ళ మీద కూర్చుని ఆ పుల్లలాంటి చేతికి బీపీ పట్టీ కట్టాడు. గాలి కొట్టి చూశాడు. నమ్మకం కుదరనట్టు మళ్ళీ కొట్టాడు. ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి విన్నాడు. ఒక మాత్ర నమలమని నోట్లో పెట్టాడు.

"ఇలా ఎన్నాళ్ళుగా ఉంది?"

"మెట్లెక్కినప్పుడు వస్తుంది. సంచి బరువనుకున్నాను," అన్నాడు మేస్త్రి. తప్పు చేసినవాడిలా పెళ్ళాం వంక చూశాడు. "సన్నగా ఉన్నవాణ్ణి, నాకేమొస్తుందనుకున్నా."

ఆరు నెలలుగా ఇల్లంతా బస్సమ్మ ఒంటి చుట్టూనే తిరిగింది. తన తిండి, తన నడక, తన తూకం. ఈ మనిషి చెయ్యి పట్టుకుని నువ్వెలా ఉన్నావని ఎవరూ అడగలేదు. తనూ అడగలేదు.

"గుండె," అన్నాడు డాక్టరు మెల్లగా, ఆవిడకి మాత్రమే వినబడేలా. "పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి. ఇప్పుడే." అంబులెన్సుకి ఫోన్ చేశాడు. రావడానికి అరగంట పడుతుందన్నారు. ఫోన్ జేబులో పెట్టేసి కారు తాళాలు తీశాడు. "నా కారులో వెళదాం. దారిలో ఏమైనా అయితే చూసుకోవడానికి నేను వెనక ఆయన పక్కనే ఉండాలి."

తాళాలు ఆవిడ చేతిలో పెట్టాడు. నడపగలరా అని అడగలేదు.

మందుల దుకాణంవాళ్ళు మేస్త్రిని మోసి వెనక సీట్లో పడుకోబెట్టారు. బస్సమ్మ సీటు వెనక్కి జరుపుకుంది, ఆయన ముఖం కనిపించేలా అద్దం సర్దుకుంది. తాళం తిప్పి బండి తీసింది. రోడ్డెక్కాక అద్దంలోకి చూసింది. ఆయన రెప్పలు వాలిపోతున్నాయి.

"ఏమండీ," అంది. "పెద్దాసుపత్రికి ఎటు తిరగాలి? నాకు దారి గుర్తు రావట్లేదు."

ఇన్నేళ్ళుగా ఆ ఊళ్ళో పిల్లల కోసం బస్సు తిప్పని సందు లేదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

"ఎడమకి," అన్నాడు మేస్త్రి, కళ్ళు మూసుకునే. పెదవుల మీద చిన్న నవ్వు కదిలింది.

ఎడమకి తిప్పింది. బండ్ల మధ్య నుంచి, ఎక్కడా కుదుపు లేకుండా, నిద్రపోయే పిల్లలున్నప్పుడు నడిపినట్టు నడిపింది. నాలుగు రోడ్ల కూడలి వచ్చింది.

"ఇప్పుడెటు?" అంది.

అద్దంలో డాక్టరు గబుక్కున మేస్త్రి మీదికి వంగాడు. జవాబు రాలేదు.

"ఏమండీ, ఇప్పుడెటు?"